కుందూ లోయలో నీటి లెక్క, ఊరి పాలన
(గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మారకోపన్యాస పాఠం)

గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883–1960) పేరు వినగానే వందేమాతరం ఉద్యమం, ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు 1908లో పడిన జైలు శిక్ష, గ్రంథాలయోద్యమం గుర్తుకు రావడం సహజమే గాని, కర్నూలులో పుట్టి 1920ల చివర నంద్యాల నుంచి మద్రాసు శాసన మండలికి ఎన్నికైన ఆ నాయకుని కృషిలో ఈ ఉపన్యాస విషయానికి అన్నిటికంటే దగ్గరిది వయోజన విద్య. బడి ముఖం చూడని రైతుకూ కూలికీ అక్షరం అందాలని ఆయన పడిన తపన వెనుక ఒక రాజకీయ విశ్వాసం ఉన్నదని చెప్పవచ్చు: తన ఊరి వ్యవహారం తనకు తెలియని మనిషి ఓటరు కాగలడు గాని పాలనలో భాగస్వామి కాలేడు. నంద్యాల, ఆళ్లగడ్డ పరిసరాల్లోనూ ఉమ్మడి కర్నూలు జిల్లాలోనూ గత యాభై ఏళ్లుగా జరిగిన సామాజిక పరిశోధన ఈ విశ్వాసానికి ఎంతవరకు సాక్ష్యమిస్తుందో పరిశీలించడమే ఇక్కడి ఉద్దేశం.

ముందుగా కొన్ని మాటల అర్థం నిర్ణయించుకోవాలి. సుస్థిరత అంటే నేటి తరం అవసరాలు తీరుతూనే రేపటి తరం అవసరాలకు గండి పడకుండా వనరును వాడుకోవడమని 1987 నాటి బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక కాలం నుంచి లోకం అంగీకరించింది. అయితే కుందూ లోయలో ఈ మాటకు మరింత నిర్దిష్టమైన అర్థం ఉంది, అది వచ్చే రబీకి బోరులో నీరు ఉంటుందా, కాలువ చివరి భూములకు తడి అందుతుందా అన్నది. స్థానిక పాలన అంటే పంచాయతీ ఒక్కటే కాదు. ఊరిలో ఉమ్మడి వ్యవహారాన్ని నడిపే ప్రతి కట్టుబాటూ, చట్టం గుర్తించినదైనా గుర్తించనిదైనా, అందులోకి వస్తుంది. ఇక సామాజిక పరిశోధన అంటే మనుషులు ఎలా ఉండాలన్న ఊహను పక్కనబెట్టి, వాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ఊళ్లో ఉండి, అడిగి, లెక్కగట్టి, ఒక ఊరిని మరొక ఊరితో పోల్చి తేల్చడం.

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ దక్షిణంగా పారి కడప జిల్లాలో పెన్నలో కలిసే కుందూ నది: ఇదీ ఈ సీమ రూపం. లోయ పొడుగునా నల్లరేగడి. దాని కింద నాపరాయి, సున్నపురాయి, పలకరాయి పొరలు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరల్లో కొన్నింటికి నంద్యాల, కోవెలకుంట్ల పేర్లే పెట్టారు. పలకరాయిలో నీరు స్వల్పం. సున్నపురాయిలో నీరు రాతిని కరిగించి సొరంగాలు చేసుకుని పోతుంది, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా ఏర్పడినవే. కాబట్టి ఒక రైతు బోరులో జల పడి పక్క రైతు బోరు ఎండిపోవడం ఇక్కడ వింత కాదు, దాన్ని అదృష్టమని సరిపెట్టుకోవడం కూడా అలవాటైపోయింది. భూమి లోపలి నీరు ఎవరికీ కనిపించదు, పైన పారే కాలువ నీరు అందరికీ కనిపిస్తుంది. ఈ తేడా పాలనపై చూపిన ప్రభావం ముందు ముందు తెలుస్తుంది.

కనిపించే నీటి కథ కె.సి. కాలువతో మొదలవుతుంది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వ హామీ పొంది, తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట కట్టి, 1860లలో కర్నూలు నుంచి కడప దాకా సాగుకూ పడవ రవాణాకూ పనికివచ్చే కాలువ తవ్వించింది. కాలువలో నీరు వచ్చింది గాని దాన్ని తీసుకునే రైతులు ఆశించినంతగా రాలేదు. జొన్న, పత్తి వంటి మెట్ట పైర్లకు వాన తేమే చాలే నల్లరేగడి రైతుకు, తీరువా కట్టి మరీ నీరు పెట్టుకోవలసిన అవసరం కనిపించలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1882లో కాలువను ప్రభుత్వానికి అమ్ముకుంది. ఇంజనీర్లు నేల వాలును అంగుళాల్లో కొలిచారు, రైతు మనసును మాత్రం ఎవరూ కొలవలేదు. ఈ సీమలో సామాజిక పరిశోధన అవసరాన్ని చాటిన తొలి ఉదాహరణ ఇదేననవచ్చు. ఆ పరిశోధన మాత్రం వందేళ్లు ఆలస్యంగా వచ్చింది.

తర్వాతి శతాబ్దంలో పరిస్థితి తలకిందులైంది. వరి విస్తరించింది, నీటి కోసం పోటీ పెరిగింది. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ కె.సి. కాలువకు 39.9 టీఎంసీలు కేటాయించింది. రెండున్నర లక్షల ఎకరాలకు పైబడిన ఆయకట్టుకు కాగితం మీద ఆ నీరు హక్కుగా వచ్చినా, తల దగ్గరి ఊళ్లు తీసుకోగా మిగిలిందే చివరి ఊళ్లకు దక్కింది. ఇక్కడే న్యూజీలాండ్ పరిశోధకుడు రాబర్ట్ వేడ్ అధ్యయనానికి ప్రాముఖ్యం వస్తుంది. 1970ల చివర నుంచి 1980ల ఆరంభం దాకా కర్నూలు జిల్లాలో నలభైకి పైగా గ్రామాలను పరిశీలించి, ‘కొత్తపల్లె’ అని మారుపేరు పెట్టిన ఒక ఊరిని లోతుగా చదివి, ఆయన 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అన్న గ్రంథం ప్రచురించాడు.

ఆ గ్రంథం చూపిన దృశ్యం అప్పటి పండితలోకానికి కొత్త. పశ్చిమ దేశాల్లో ఆనాడు చలామణిలో ఉన్న సిద్ధాంతం, గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసంతో ప్రసిద్ధి కెక్కినది, ఉమ్మడి వనరును మనుషులు తప్పక పాడుచేస్తారనీ, దాన్ని కాపాడాలంటే ప్రభుత్వపు దండమైనా కావాలి, సొంత ఆస్తిగా పంచడమైనా కావాలి అనీ చెప్పింది. కర్నూలు జిల్లా కాలువ ఊళ్లలో ఈ రెండూ లేకుండానే మూడో దారి ఒకటి నడుస్తున్నదని వేడ్ గుర్తించాడు. ఊరి పెద్దల సభ ఒకటి. దాని చేతిలో ఊరి నిధి ఒకటి. పైరు మీద పశువులు పడకుండా చూసే కావలివాళ్లు, కాలువ నీటిని చేను చేనుకూ పంచే నీరుగంట్లు ఆ సభ నియమించిన మనుషులు. నిధికి రాబడి ఎక్కడిది? కోత అయ్యాక చేలల్లో గొర్రెల మందలను మేపుకునే హక్కును బయటి గొల్లలకు ఇచ్చి రాబట్టిన సొమ్ము, ఊరిలో మద్యం అమ్ముకునే హక్కుకు వేలంపాట, ఇటువంటి మార్గాలు. ఆ సొమ్ముతో ఊరి ఉమ్మడి పనులు జరిగేవి. కాలువకు నీళ్లు తగ్గినప్పుడు అధికారుల దగ్గరికి మనుషులను పంపడానికయ్యే ఖర్చూ అందులోంచే, ఆ ఖర్చులో లంచం కూడా భాగమే. కాలువ శాఖలో లంచాలు కింది నుంచి పై దాకా ఒక వ్యవస్థగా ఎలా ప్రవహిస్తాయో వేడ్ 1982లో విడిగా రాసిన వ్యాసం ఈనాటికీ పరిశోధకులు చదివేదే. నీతిని పక్కనబెట్టి చూస్తే ఊరి సభ లంచాన్ని కూడా ఉమ్మడి వ్యయంగా లెక్కకట్టిందన్నమాట.

అన్ని ఊళ్లలోనూ ఇది లేదు, ఆ తేడాయే ఆయన పరిశోధనకు ప్రాణం. ఒకే కాలువ కింద, ఒకే జిల్లాలో, ఒకే కులాల పొందికతో ఉన్న రెండు ఊళ్లలో ఒకదానికి సభ, నిధి, నీరుగంట్లు ఉండి మరొకదానికి లేకపోవడానికి కారణమేమిటి? నీటికి కటకట ఉన్న చోట, అంటే పిల్లకాలువల చివరి భాగాన ఉన్న ఊళ్లలోనూ, నల్లరేగడి మేత కోసం బయటి మందలు వచ్చి పడే ఊళ్లలోనూ కట్టుబాటు బలంగా ఉంది. నీరు తేలికగా అందే తల భాగపు ఊళ్లలో లేదు. ఊరివాళ్ల మంచితనమో, ఐకమత్యమో, పూర్వ సంప్రదాయమో దీనికి ఆధారం కాదు. పైరు పోతుందన్న భయమూ, కలిస్తే పోదన్న లెక్కా ఆధారం. పదేళ్లు తిరక్కుండానే ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతటి ఉదాహరణలు కూర్చి ఉమ్మడి వనరుల నిర్వహణపై కట్టిన సిద్ధాంతానికి వేడ్ పని ఒక పునాదిరాయి అయింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. స్విట్జర్లాండ్ కొండ మేతబీళ్ల సరసన కర్నూలు జిల్లా చేలగట్లు కూడా ఆ శాస్త్ర సాహిత్యంలో స్థానం సంపాదించాయన్న సంగతి ఈ జిల్లాల్లో ఎంతమందికి తెలుసు?

ఈ కథను మురిపెంగా చెప్పుకోవడంలో ఒక ప్రమాదముంది. గ్రామాలను చిన్న గణరాజ్యాలుగా వర్ణించిన చార్లెస్ మెట్‌కాఫ్ 1830 నాటి ప్రశంసను 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ ఎంత నిర్దాక్షిణ్యంగా ఖండించాడో అందరికీ తెలిసినదే. గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ కులతత్వానికీ నెలవన్నది ఆయన వాదన. వేడ్ చూసిన ఊరి సభలు ఆ విమర్శ నుంచి తప్పించుకోలేవు. ఆ సభలో కూర్చున్నవాళ్లు భూస్వాములు, ముఖ్యంగా పెద్ద రైతు కులాలవాళ్లు. నీరుగంటిగా చేలలో రాత్రింబవళ్లు తిరిగినవాళ్లు పేదలు. గొల్ల తన మేత హక్కుకు డబ్బు చెల్లించేవాడే గాని ధర నిర్ణయించేవాడు కాడు. స్త్రీకి అక్కడ చోటే లేదు. వ్యవస్థ పనిచేసింది, న్యాయంగా పనిచేసిందని మాత్రం వేడ్ కూడా చెప్పలేదు. సుస్థిరతను కొలిచేటప్పుడు నీరు నిలిచిందా అని మాత్రమే అడిగి, ఎవరి చేతిలో నిలిచింది అని అడగని పరిశోధన సగం పరిశోధనే.

మరొక విషయం ఇంకా ముఖ్యమైనది. ఆ ఊరి సభకూ చట్టబద్ధ పంచాయతీకీ సంబంధం లేదు. పంచాయతీకి కార్యాలయం, ముద్ర, రిజిస్టరు ఉన్నాయి. ఊరి సభకు నిధి, పని, మాట చెల్లుబాటు ఉన్నాయి. నంద్యాల పేరు దేశ రాజకీయాల్లో రెండుసార్లు మారుమోగింది, 1977లో రాష్ట్రమంతా కాంగ్రెసు గెలిచినా ఇక్కడ మాత్రం నీలం సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున నెగ్గినప్పుడు ఒకసారి, 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచినప్పుడు మరొకసారి. అంతటి ఓట్ల సంరంభం చూసిన సీమలో ఊరి నీటిని పంచే పని మాత్రం ఓటు ఊసే లేని సభ చేతుల్లో ఉండటం గమనించదగ్గది. ముఠా కక్షలకు పేరుపడ్డ ఆళ్లగడ్డ వంటి చోట్ల పంచాయతీ ఎన్నిక ఊరిని రెండుగా చీల్చే సందర్భం కూడా. నీరు పంచే సభను ఆ చీలిక నుంచి దూరంగా ఉంచాలన్న జాగ్రత్త రైతుల్లో ఉండి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఈ అనధికార వ్యవస్థకు చట్టరూపం ఇవ్వాలన్న ప్రయత్నం 1997లో జరిగింది. ఆ ఏడాది వచ్చిన ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం కింద రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఎన్నికలతో ఏర్పడ్డాయి. వాటి పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆ పైన ప్రాజెక్టు కమిటీలు అని మెట్లు వేశారు. అంతకు ముందే నీటి తీరువాను దాదాపు మూడింతలు చేసి, వసూలైనదానిలో కొంత భాగం కాలువ మరమ్మతులకు సంఘాలకే తిరిగివస్తుందని చెప్పారు. ప్రపంచ బ్యాంకు మెచ్చుకున్న ఈ సంస్కరణను 2005లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వి. రత్నారెడ్డి, పి. ప్రుధ్వికర్ రెడ్డి పరిశీలించి ఇందులో రైతు భాగస్వామ్యం నిజంగా ఎంత అని ప్రశ్నించారు. సంఘాధ్యక్షుడు కాలువ పూడికతీతకు కాంట్రాక్టరుగా మారిపోవడం, నీటి వదులుబాటు నిర్ణయం ఇంజనీర్ల దగ్గరే ఉండిపోవడం అనుభవంలోకి వచ్చిన సంగతులు. చట్టం ఓటు ఇచ్చింది ఆయకట్టులో రికార్డుకెక్కిన భూ యజమానికీ, నమోదైన కౌలుదారుకూ. నోటిమాట కౌలుతో సాగు చేసేవాడు, పట్టాలో పేరులేని రైతు భార్య దాని కంటికి కనిపించలేదు. తర్వాత సంఘాల ఎన్నికలు వాయిదాలు పడుతూ, ఏకాభిప్రాయం పేరిట నామినేషన్లుగా మారుతూ వచ్చి 2024 డిసెంబరులో మళ్లీ జరిగాయి. వేడ్ చూసిన ఊరి సభకు చట్టం లేదు, సొంత నిధి ఉంది; ఈ సంఘానికి చట్టం ఉంది, సొంతమని చెప్పుకోదగ్గ నిధి లేదు. నిధి పైనుంచి వచ్చేదైతే చూపు కూడా పైకే ఉంటుంది.

ఇక కనిపించని నీరు. కాలువ అందని మెట్ట ఊళ్లలో, మహానంది అరటి తోటల నుంచి చాగలమర్రి వైపు చేల దాకా, 1980ల తర్వాత వ్యవసాయం బోరుబావుల మీదికి జరిగింది. భూగర్భ జలాన్ని పంచుకోవడం కాలువ నీటిని పంచుకోవడం కంటే చాలా కష్టం, ఎందుకంటే ఎవరు ఎంత తోడుతున్నారో, అడుగున ఎంత ఉందో ఎవరికీ తెలియదు, చట్టరీత్యా నేల ఉన్నవాడిదే కింద నీరు అన్న భావన బలంగా ఉంది. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (జనం నోట ‘వాల్టా’) బోరుకు అనుమతి, బోర్ల మధ్య దూరం వంటి నిబంధనలు పెట్టింది గాని ఎక్కడో కార్యాలయంలో ఉన్న అధికారి వందలాది బోర్లను కాపలా కాయలేడు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక మోటారు వేయడానికి ఖర్చే లేకపోయింది.

ఇటువంటి పరిస్థితుల్లో ఆళ్లగడ్డ ప్రాంతపు ముత్యాలపాడులో వేళ్లూని నంద్యాల నుంచి పనిచేసిన స్వచ్ఛంద సంస్థ భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ (బర్డ్స్) ముందుకు నడిపిన ప్రయోగం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. నెదర్లాండ్స్ సహాయంతో 1995లో మొదలైన సామూహిక బోరుబావుల పథకం అనుభవం మీద ఇది నిలబడింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ‘రైతులే నిర్వహించే భూగర్భ జల వ్యవస్థలు’ అన్న ఈ పథకం (దాని ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలతో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్) 2009 దాకా కర్నూలు సహా ఏడు కరువు జిల్లాల్లో 638 గ్రామాల్లో నడిచింది. ఇందులో రైతుకు సబ్సిడీ ఇవ్వలేదు, పంట మార్చమని ఆజ్ఞాపించలేదు, బోరు మూసేయమని అనలేదు. చేసినదల్లా కొలవడం నేర్పడం.

ఆ కొలత తీరు కొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. ఊరి పరిధిని పక్కనబెట్టి వాగు పరీవాహకాన్ని, అంటే వాన పడితే ఒకే వంకలోకి నీరు చేరే ప్రాంతాన్ని, లెక్కకు ఆధారంగా తీసుకున్నారు. అందులో వానమాపకం పెట్టారు. ఎంచుకున్న పరిశీలక బావుల్లో రైతులే, ఆడవాళ్లతో సహా, పదిహేను రోజులకొకసారి నీటి మట్టం కొలిచి ఊరి నడుమ బోర్డు మీద రాశారు. ఇలాంటి బావులు ఏడు జిల్లాల్లో రెండు వేలకు పైబడ్డాయి. వానాకాలం ముగిశాక, రబీకి ముందు, అందరూ కూర్చుని పంట నీటి బడ్జెట్ వేశారు. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. అందులో కొంత ఆవిరై, కొంత వంకలో కొట్టుకుపోగా ఇంకేది కొద్ది భాగమే. ఆ ఇంకినదీ, మునుపు మిగిలినదీ కలిపితే చేతిలో ఉన్న నీరు. ఊరివాళ్లు వేయదలచిన పంటలకు కావలసిన నీరు పక్క వరుసలో. వరికి నీరు వెయ్యి మిల్లీమీటర్లు దాటి కావాలి, నల్లరేగడిలో శనగ మిగిలిన తేమతోనే ముప్పాతిక వంతు గట్టెక్కుతుంది. రెండు వరుసలూ పక్కపక్కన రాసి చూసినప్పుడు లోటు ఎంతో బడిలో చదవని రైతుకూ తెలిసిపోయింది. ఆ తర్వాత ఏ పంట వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

ఫలితం ఏమైంది? ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన నివేదిక ప్రకారం 42 శాతం పరీవాహకాల్లో మూడేళ్లపాటు వరసగా రబీ నీటి వాడకం తగ్గింది, 51 శాతంలో తగ్గుతూ పెరుగుతూ వచ్చింది, 7 శాతంలోనే పెరిగింది. నిర్బంధం లేకుండా, ప్రతి రైతూ తన లాభం కోసమే నిర్ణయించుకున్నా మొత్తం మీద నీరు మిగలడం ఆ నివేదికను ముగ్ధం చేసింది. రెండేళ్ల తర్వాత ఇవే గ్రామాల మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ, టాటా ట్రస్టుల ఉమ్మడి కార్యక్రమం వెలువరించిన సమీక్ష ఆ ఉత్సాహానికి కళ్లెం వేసి, ఈ సంస్థలు ఎంతకాలం నిలుస్తాయన్న సందేహం లేవనెత్తింది. రెండిటిలో ఏది నిజమన్న తగవు ఇక్కడ అనవసరం. ప్రాజెక్టు నడిచినన్నాళ్లూ కొలత నడిచింది. జీతం, శిక్షణ, సమావేశాల ఖర్చు పెట్టే చెయ్యి వెనక్కి తీసుకోగానే బోర్డు మీద అంకెలు రాసేవారు తగ్గడం మానవ స్వభావానికి విరుద్ధం కాదు. ఇక్కడ కొలత ఉంది, చట్టం లేదు, సొంత నిధీ లేదు. ఊరి వానమాపకం ఊరి పంచాయతీ ఆస్తిగా కాక ప్రాజెక్టు ఆస్తిగా ఉండటమే ఆ ప్రయోగపు అసలు బలహీనత.

పంచాయతీ వైపు చూస్తే మరొక రకపు లోటు కనిపిస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీలకు ఉద్దేశించింది. చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి వాటిలో మూడో అంశం. 1994 రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను తప్పనిసరి చేసింది. ఆచరణలో 2018 ఆగస్టులో పదవీకాలం ముగిసిన పంచాయతీలకు 2021 ఆరంభం దాకా ఎన్నికలే జరగలేదు; ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఉద్యోగులను ఊరి గుమ్మంలోకి తెచ్చాయి, అది తోసిపుచ్చరాని మేలే, కాని వాళ్లు జవాబు చెప్పేది పైఅధికారికి. సర్పంచు పక్కకు తప్పుకున్నాడు. 2021–22లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయడాన్ని నిరసిస్తూ సర్పంచులు రోడ్డెక్కవలసి వచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికీ, తాగునీటికీ, వాననీటి సంరక్షణకూ కట్టడి చేసిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి: నీటి లెక్కకు చట్టబద్ధమైన డబ్బు దారి ఉంది.

సమాచారాన్ని బహిరంగ సభలో చదివితే అది పాలనగా మారుతుందనడానికి దగ్గరి దృష్టాంతం కూడా ఉంది. ఉపాధి హామీ పథకం కింద 2006 నుంచి ఈ రాష్ట్రంలో వేళ్లూనుకున్న సామాజిక తనిఖీలో మస్టర్లను ఊరి మధ్య చదివి వినిపించి, పేరు పేరునా పని జరిగిందా, కూలి ముట్టిందా అని అడిగారు. చదువురాని కూలి కూడా తన పేరు మీద ఎవరు డబ్బు తీసుకున్నారో నిలదీయగలిగింది. కొలత, చట్టం, నిధి మూడూ ఒకచోట కలిసిన అరుదైన సందర్భమది. అదే పని నీటి విషయంలో జరగలేదు.

నల్లమల వైపు చెంచుల మాట ఒకటి చెప్పకుండా వదిలితే ఈ చిత్రం తప్పు అవుతుంది. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో గ్రంథస్థం చేసిన ఈ జాతి గూడేలు నంద్యాల జిల్లా అంచున ఉన్నాయి. ఇక్కడి చెంచు గూడేలు ఐదో షెడ్యూలు ప్రాంతంలోకి రానందున, గిరిజన గ్రామసభకు ప్రత్యేకాధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం వాటికి వర్తించదు. పులుల అభయారణ్య నిబంధనలు మాత్రం పూర్తిగా వర్తిస్తాయి. అడవిని బాగా తెలిసినవాళ్లకే అడవి పాలనలో చోటు అతి తక్కువ. కింది లోయలో పంట నీటికి మూలమైన వాగులు పుట్టేదీ ఆ కొండల్లోనే. 2019 సెప్టెంబరులో కుండపోత వానకు మహానంది ఆలయం నీట మునిగినప్పుడు, కొండను, వాగును, ఊరిని, పట్టణాన్ని వేర్వేరు శాఖలు వేర్వేరుగా చూడటంలోని నష్టం కళ్ల ముందే తేలింది. పరీవాహకం ఒకటే, పాలన ముక్కలు ముక్కలు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకూ పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికలను ఒకటిగా కూర్చే జిల్లా ప్రణాళికా కమిటీని నిర్దేశిస్తుంది. పరీవాహకాన్ని ఒకే లెక్కలోకి తేగల చట్టబద్ధ వేదిక ఇంతకంటే మరొకటి లేదు. 1906 నుంచి నంద్యాలలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ పుట్టిన శనగ, పత్తి, వరి రకాలు ఊరూరికీ చేరాయి. విత్తనం చేరిన దారిలోనే నీటి లెక్క, సామాజిక అధ్యయనం కూడా చేరవలసి ఉండగా, ఈ సీమ గురించి లోకం చదివిన పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. రాబర్ట్ వేడ్ గ్రంథంగాని, భూగర్భ జల పథకంపై వచ్చిన నివేదికలుగాని వాటిలో సమాచారం ఇచ్చిన రైతుకు తిరిగి అందలేదు. పరిశోధకుడు తీసుకుపోయిన సమాచారాన్ని ఊరి భాషలో ఊరికి తిరిగివ్వడం అతని బాధ్యతల్లో మొదటిదని విశ్వవిద్యాలయాలు నిబంధనగా పెట్టుకోవాలి. గ్రంథాలయోద్యమపు వారసులకు ఇంతకంటే సూటైన పని లేదు.

2018 అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ప్రజా ప్రణాళికా ప్రచారం దేశమంతటా గాంధీ జయంతి నాడు మొదలవుతూ వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడిలో శనగ విత్తేది ఆ రోజుల తర్వాతే. అంటే రబీ పంట నిర్ణయానికి కొద్దిముందే చట్టబద్ధ గ్రామసభ ఒకటి కూడుతుంది. ఆ సభ ఎజెండాలో మొదటి అంశంగా ఆ ఏటి వాన, బావుల నీటి మట్టం, ఊరి పంటలకు కావలసిన నీరు చదివి వినిపించాలి. ఆ లెక్క రాయడానికి ఊళ్లోని చదువుకున్న యువతీయువకులిద్దరికి పంచాయతీ నిధి నుంచే జీతమివ్వాలి. ఆ చదువు వినడానికి కౌలు రైతులనూ, గొల్లలనూ, కూలీలనూ, ఆడవాళ్లనూ పేరుపెట్టి పిలవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే అక్టోబరు గ్రామసభకు ముందు తమ ఊరి సర్పంచునూ, కార్యదర్శినీ కలిసి ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టించాలని ఈ రెండు పట్టణాల పరిసర గ్రామాల పాఠకులకు విజ్ఞప్తి.